నార్త్ ఆర్కాట్ అంటే మా చిత్తూరే: డర్బన్ ఆంటీ ముత్తాత ఊరు వెతికిన నా అనుభవం

ఉద్యోగం మీద దక్షిణాఫ్రికాలోని డర్బన్ వచ్చాక నేను అద్దెకు దిగిన ఇంటి ఓనరు ఆంటీకి డెబ్బై ఏళ్ళు దాటాయి. ఇక్కడి భారతీయుల ఇళ్ళల్లో పెద్దవాళ్ళందరినీ ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు. ఆమె ముత్తాత 1878లో మద్రాసులో ఓడెక్కి నెటాల్ (డర్బన్ ఉన్న అప్పటి బ్రిటిష్ కాలనీ) వచ్చిన మనిషి. చెరుకు తోటలో ఐదేళ్ళు కూలిపని చేస్తానని ఒప్పందం చేసుకుని వచ్చాడు. ఆ తర్వాత తిరిగి వెళ్ళలేదు. ఇప్పుడు ఆయన సంతతి డర్బన్, జొహానెస్‌బర్గ్, లండన్, టొరంటోల్లో ఉంది. ఆయన ఏ ఊరి నుంచి వచ్చాడో మాత్రం వాళ్ళలో ఎవరికీ తెలియదు. ఇంట్లో తరం నుంచి తరానికి దక్కింది ఒకటే మాట: "మాది నార్త్ ఆర్కాట్."

ఆ ఒక్క మాట పట్టుకుని ఆంటీ అన్నగారి పిల్లలు ఒకసారి ఇండియా వెళ్ళారు. వేలూరు, రాణిపేట వైపు తిరిగారు. ఊరి పేరు లేకుండా ఎవరిని ఏమని అడుగుతారు? గుడులు చూసి, చీరలు కొనుక్కుని వచ్చేశారు.

నేను చిత్తూరువాడిని. నార్త్ ఆర్కాట్ అని వినగానే ఆంటీకి మ్యాపు తీసి చూపించాను. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. అంతవరకు చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలన్నీ నార్త్ ఆర్కాట్‌లోనే ఉండేవి. ఆ జిల్లా కలెక్టరు కచేరీ కూడా చిత్తూరులోనే ఉండేది. ఈ రోజు మ్యాపులో ఆ పేరు వెతికితే తమిళనాడుకే పోతారు. మీరు తెలుగు ఇంటివాళ్ళు, మా వైపు కూడా ఒకసారి చూడాలి కదా అన్నాను. ఆంటీ చాలాసేపు ఆ మ్యాపునే చూస్తూ కూర్చుంది. మరుసటి శనివారం నుంచి మేమిద్దరం కలిసి పని మొదలుపెట్టాం.

ఆంటీకి తెలుగు రాదు. అమ్మ, అన్నం, గోవిందా, ఇంకో పాతిక మాటలు అంతే. కానీ పెరటాసి నెల శనివారాలు ఉపవాసం ఉంటుంది, గుమ్మానికి పసుపు రాస్తుంది, వేంకటేశ్వరస్వామికి తళిగ (నైవేద్యం) వేస్తుంది. మా అమ్మ ఇంటి దగ్గర చేసేది కూడా సరిగ్గా అదే. ఇది సాక్ష్యం కాదని నాకు తెలుసు. ఇక్కడి తమిళుల ఇళ్ళల్లో కూడా ఈ శనివారాలు చేస్తారు. అయినా ఆ ఇంట్లో ఆ తళిగ చూసినప్పుడు, ఈమె ముత్తాత ఊరు వెతకడం నా బాధ్యత అనిపించింది.

నెటాల్ కథ తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబర్ 16న డర్బన్ రేవు చేరింది. ఒప్పంద కూలీలను ఇక్కడికి తెచ్చిన మొదటి ఓడ అదే. 1866లో ఈ వలస ఆగిపోయింది. ఒప్పందం ముగించుకుని 1871లో ఇండియా తిరిగి వెళ్ళినవాళ్ళు తమను ఎలా చూశారో అక్కడి అధికారులకు చెప్పుకున్నారు. దాంతో నెటాల్‌లో విచారణ కమిషన్ వేశారు, కూలీల బాగోగులు చూడటానికి ప్రొటెక్టర్ అనే అధికారిని పెట్టారు, 1874లో ఓడలు మళ్ళీ మొదలయ్యాయి. 1911లో పూర్తిగా ఆగేనాటికి 1,52,184 మంది వచ్చారు. వాళ్ళలో దాదాపు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుంచి వచ్చినవాళ్ళే. తెలుగువాళ్ళలో విశాఖపట్నం, గంజాం, గోదావరి వైపువాళ్ళు, నెల్లూరు, నార్త్ ఆర్కాట్ వైపువాళ్ళు ఉన్నారు.

ఆంటీ ముత్తాత వచ్చిన సంవత్సరం చూస్తేనే కారణం సగం తెలిసిపోతుంది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని ధాత కరువు తుడిచిపెట్టింది. ధాత, ఈశ్వర అని ఆ తెలుగు సంవత్సరాల పేర్లతోనే మా వైపు పెద్దవాళ్ళు ఆ కరువును చెప్పుకునేవాళ్ళు. వానలు లేవు, గింజలు లేవు, గంజి కేంద్రాల దగ్గర జనం పడిపోయారు. అలాంటప్పుడు నెలకు పది షిల్లింగుల జీతం, ఏడాదికో షిల్లింగు పెంపు, బియ్యం, పప్పు, ఉప్పు ఇస్తామని ఏజెంటు మనిషి వచ్చి చెబితే ఎవరైనా ఏం చేస్తారు?

వెతకడంలో మొదటి పని నంబర్ సంపాదించడం. నెటాల్‌లో దిగిన ప్రతి మనిషికీ, చంటిబిడ్డతో సహా, ఒక వరుస నంబర్ ఇచ్చేవాళ్ళు. ట్రూరోలో వచ్చినవాళ్ళతో ఒకటి నుంచి మొదలై చివరిదాకా అదే వరుస. దాన్ని కలోనియల్ నంబర్ అంటారు. పెళ్ళి, బిడ్డ పుట్టడం, యజమాని మారడం, ఒప్పందం పూర్తయినట్టు కాగితం, చావు, అన్నిటి మీదా ఆ నంబరే ఉంటుంది. పేరుతో వెతికితే దారి తెలియదు. మునిసామి, వెంకటసామి, రామసామి లాంటి పేర్లు వందల్లో ఉంటాయి, ఒక్కో గుమాస్తా ఒక్కో రకంగా రాశాడు. అన్నిటికంటే పెద్ద నష్టం ఏమిటంటే, మన ఇంటిపేర్లు ఆ జాబితాల్లో లేవు. మనిషి పేరు, తండ్రి పేరు, అంతే. తర్వాత బడిలో, కోర్టులో ఇంటిపేరు అడిగినప్పుడు తండ్రి పేరో తాత పేరో రాసేశారు. అందుకే ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ముల సంతానం ఇప్పుడు వేర్వేరు ఇంటిపేర్లతో తిరుగుతున్నారు. ఆంటీకి తన పెదతాత మనవళ్ళ ఇంటిపేరు వేరు.

నంబర్ కోసం వెనక్కి నడవాల్సిందే. ఆంటీ నాన్నగారి జనన పత్రం నుంచి తాతగారి పేరు పక్కాగా తెలిసింది. తాతగారు నెటాల్‌లోనే పుట్టిన మనిషి. 1891 నాటి చట్టం ప్రకారం భారతీయుల పెళ్ళిళ్ళు ప్రొటెక్టర్ ఆఫీసులో రిజిస్టరు అయ్యేవి. ఆయన పెళ్ళి నమోదులో, ఇక్కడే పుట్టినవాడు, ఫలానా నంబర్ మనిషి కొడుకు అని ఉంది. ఆ అంకెలు దొరికిన రోజు ఆంటీ వాటిని కాగితం మీద పెద్దగా రాసి ఫ్రిజ్ మీద అంటించింది.

వీళ్ళ ఇంట్లో పాత కాగితాలు ఒక్కటి కూడా ఎందుకు లేవని మీకు అనిపించొచ్చు. వీళ్ళు డర్బన్‌లోని కేటో మానర్‌లో ఉండేవాళ్ళు. ఒప్పందం ముగిసిన భారతీయులు చాలామంది అక్కడ భూమి అద్దెకు తీసుకుని కూరగాయలు పండించి మార్కెట్‌లో అమ్ముకునేవాళ్ళు. 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చింది. ఏ జాతివాళ్ళు ఎక్కడ ఉండాలో ప్రభుత్వమే గీత గీసింది. కేటో మానర్‌ను తెల్లవాళ్ళకు కేటాయించారు. ఆంటీ చిన్నప్పుడే వాళ్ళ ఇల్లు ఖాళీ చేయించి ఊరి చివర కట్టిన చాట్స్‌వర్త్ కాలనీకి పంపారు. బీరువా పట్టలేదు, కాగితాలు ఎటు పోయాయో తెలియదు. దేశం మారినవాళ్ళే అనుకుంటాం కానీ, మారిన దేశంలో మళ్ళీ ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళు వీళ్ళు. ఆ విషయం మాట్లాడేటప్పుడు ఆంటీ గొంతు ఇప్పటికీ గట్టిపడుతుంది.

నంబర్ ఉంటే ఓడ జాబితా దొరకడం కష్టం కాదు. డర్బన్‌లోని గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ ఈ జాబితాలను టైపు చేయించి ఇంటర్నెట్‌లో పెట్టింది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీద గుర్తులు, జిల్లా, తాలూకా, ఊరు, ఏ యజమాని దగ్గరికి పంపారు, ఇలా గళ్ళు గళ్ళుగా ఉంటుంది. ఆంటీ ముత్తాత వరుస తెరిచాం. వయసు 24. ఎడమ మోకాలి కింద మచ్చ. జిల్లా నార్త్ ఆర్కాట్. తాలూకా చిత్తూరు. టోంగాట్ దగ్గరి చెరుకు ఎస్టేట్‌కు పంపారు. ఆయన ఫోటో ఒక్కటి కూడా లేని ఆ ఇంట్లో మోకాలి మచ్చ గురించి ఆ రాత్రంతా మాట్లాడుకున్నారు. మనవరాలు ఒకామె ఫోన్‌లో వినగానే ఏడ్చేసింది.

ఊరి గడిలో మాత్రం చదవడానికి వీల్లేని మాట ఉంది. చివర పల్లి అని తెలుస్తోంది, ముందు భాగం ఏ తెలుగు పేరుకూ దగ్గరగా లేదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నాకు పనికొచ్చిన పద్ధతి చెప్తాను, ఇలాంటి పని మొదలుపెట్టే ప్రతివాళ్ళకీ ఇదే చెప్తున్నాను: మీ మనిషి వరుస ఒక్కటే చదివి మూసేయకండి. పైన, కింద ఉన్న వరుసలు చదవండి. ఏజెంటు మనిషి ఒక ఊరికి వెళ్తే ఒక్కడినే తీసుకురాడు. అన్నదమ్ములు, బావమరుదులు, పక్కింటి కుర్రాళ్ళు కలిసి బయలుదేరతారు, ఓడెక్కేదాకా ఉంచే మద్రాసు డిపోలో కలిసే పడుకుంటారు, పేర్లు కూడా ఒకచోటే రాయించుకుంటారు.

ముత్తాత వరుసకు కాస్త పైన ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు. అదే జిల్లా, అదే తాలూకా, ఊరి పేరు మాత్రం రెండక్షరాలు తేడా. ఇంకా కింద ఒక ఆడమనిషి, అదే తాలూకా, ఆమె ఊరి స్పెల్లింగు మూడో రకం. మూడూ పక్కపక్కన పెడితే ఒకే ఊరిని మూడుసార్లు విని రాసినట్టు అర్థమైంది. నోటితో పలికి చూశాను. మద్రాసులో ఇంగ్లీషు గుమాస్తా చెవిలో మా చిత్తూరు యాస ఎలా పడి ఉంటుందో ఊహించుకుంటూ పలికాను. తర్వాత అసలు రిజిస్టరు పేజీ ఫోటో కోసం ఆర్కైవ్స్‌కు దరఖాస్తు పెట్టాం. చాలా నెలలు పట్టింది కానీ వచ్చింది. చేతిరాతలో చూస్తే, టైపు చేసినప్పుడు ఒక అక్షరాన్ని ఇంకో అక్షరంగా చదివారని తేలిపోయింది. అప్పుడు ఊరి పేరు దాదాపుగా కుదిరింది. ఆ ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. మేం చివరికి చేరిన ఇల్లు అక్కడే ఉంది, వాళ్ళ ప్రశాంతత వాళ్ళకు ఉండాలి.

ఈ మధ్యలో కుటుంబంలో చెప్పుకునే ఇంకో కథనూ పరీక్షించాం. తిరుగు ప్రయాణం టికెట్‌కు బదులుగా సర్కారు ముత్తాతకు భూమి ఇచ్చిందని వాళ్ళ నమ్మకం. అది గాలిలో పుట్టిన మాట కాదు. పదేళ్ళు కాలనీలో ఉన్నవాళ్ళకు ఉచిత తిరుగు ప్రయాణం హక్కు ఉండేది. దాన్ని వదులుకుంటే ప్రభుత్వ భూమి పొందే వీలు 1870 నాటి చట్టంలో కల్పించారు. కానీ నిజంగా భూమి దక్కినవాళ్ళు చాలా కొద్దిమంది. ముత్తాత పేరు మీద అలాంటి కాగితం ఏదీ దొరకలేదు. దొరికిందల్లా ఆయన చనిపోయాక పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో దాఖలైన ఆస్తి ఫైలు. ఒక బండి, రెండు ఎద్దులు, కొన్ని పనిముట్లు, తెల్ల భూస్వామికి ఏడాది అద్దె కట్టే తోట, కొంచెం అప్పు. పుట్టిన చోటు అనే గడిలో మద్రాస్ అని రాశారు. ఓడెక్కిన రేవునే పుట్టిన ఊరుగా రాసేయడం ఆ ఫైళ్ళల్లో మామూలే. ఆ గడిని నమ్మి చెన్నై వీధుల్లో వెతికినవాళ్ళు ఎంతమంది ఉంటారో. భూమి దానంగా రాలేదని తెలిశాక ఆంటీ బాధపడుతుందేమో అనుకున్నాను. ఆమె మాత్రం, "ఎవరూ ఇవ్వలేదన్నమాట, ఆయనే సంపాదించాడు" అంది.

ఆంటీ మేనల్లుడు డీఎన్ఏ టెస్ట్ చేయించుకుందామన్నాడు. సరదాకైతే చేయించుకోమన్నాను. మా చిత్తూరు పల్లెల్లో ఆ టెస్ట్ చేయించుకున్నవాళ్ళు ఉండరు కాబట్టి దానితో ఊరు తేలదు. ఆ డబ్బు రికార్డుల కాపీలకు పెట్టడం మేలు.

సెలవుల్లో చిత్తూరు వెళ్ళినప్పుడు ఇండియా వైపు పని పట్టుకున్నాను. ఇక్కడ అసలు చిక్కు సరిహద్దులు. జాబితాలో ఉన్నది 1878 నాటి తాలూకా. 1960లో తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాలు తీసేసి మండలాలు పెట్టింది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది. పాత చిత్తూరు తాలూకా ఊరిని ఇవాళ్టి చిత్తూరు మండలంలో మాత్రమే వెతికితే కుదరదు. యాదమరి, తవణంపల్లె, గుడిపాల వైపు కూడా చూడాలి. పాత తాలూకా మ్యాపు ఒకటి సంపాదించి, ఇప్పటి రెవెన్యూ గ్రామాల లిస్టుతో పోల్చుకున్నాను. మా పేరుకు సరిపోయే ఊళ్ళు రెండు తేలాయి. రెంటిలో ఒకటి పెద్ద ఊరు, ఇంకోటి దాని శివారు పల్లె కాదు, వేరే దిక్కున ఉంది.

రెవెన్యూ ఆఫీసులో పాత సెటిల్‌మెంట్ రిజిస్టరు చూపించమని అడిగితే మొదట చాలా తిప్పారు. భూమి తగాదా కోసం వచ్చాననుకున్నారు. విదేశం నుంచి వచ్చినవాడు పాత అడంగల్ అడిగితే ఎవరికైనా అనుమానం వస్తుంది, వాళ్ళను తప్పుపట్టను. చివరికి ఒక సీనియర్ ఉద్యోగి ఓడ జాబితా ఫోటో చూసి, "ఇంత దూరం పోయినోళ్ళా మనోళ్ళు!" అని ఆశ్చర్యపోయి తానే బీరువా తెరిపించారు. మా మనిషి తండ్రి పేరుతో ఆ కాలం పట్టాదారు ఎవరూ కనిపించలేదు. భూమి లేని ఇల్లు అయి ఉంటే రిజిస్టరులో కనపడదు. కరువులో ఓడెక్కిన కుటుంబానికి భూమి లేకపోవడం వింతేమీ కాదు.

అయితే ఆంటీ దగ్గర ఇంకో చిన్న ఆధారం ఉంది. వాళ్ళ ఇంట్లో పెళ్ళి జరిగితే పంతులు దగ్గర ఒక మాట చెప్పేవాళ్ళు. అది గోత్రమా, ఊరా, ఎవరి పేరైనానా, ఏదీ తెలియకుండానే నాలుగు తరాలు కాపాడుకుంటూ వచ్చారు. అది నా చెవికి ఇంటిపేరులా వినిపించింది. మొదటి ఊళ్ళో రచ్చబండ దగ్గర అడిగితే ఎవరికీ తెలియదన్నారు. రెండో ఊళ్ళో గుడి ముందు కూర్చున్న ఒక పెద్దాయనను అడిగాను.

"ఆ ఇంటోళ్ళా? ఉండారు గదా నాయనా. ఒక ఇల్లు ఈడుండాది, తక్కినోళ్ళు తిరపతిలో ఉండారు. నువ్వెవురు?" అన్నాడు.

నేను ఫోన్‌లో ఆంటీ ఫోటో చూపించి ఎందుకొచ్చానో చెప్పాను. ఆయన ఆ ఇంటికి తీసుకెళ్ళాడు. ఆ ఇంట్లో పెద్దామెకు నెటాల్ పేరు తెలియదు. కానీ తన అత్తగారు చెప్పేదట, కరువులో ఈ ఇంటి మనిషి ఒకడు పట్నం పోయి మళ్ళీ రాలేదని. మా వైపు పట్నం అంటే మద్రాసే. ఆయన పేరు ఆమెకు తెలియదు. అప్పటికప్పుడు డర్బన్‌కు వీడియో కాల్ చేశాను. ఆంటీ, ఆ పెద్దామె ఒకరి భాష ఒకరికి రాకుండా చాలాసేపు ఒకరినొకరు చూసుకుంటూ ఏదేదో అడుగుకున్నారు, మధ్యలో నేను చెప్తూ ఉన్నాను. "ఏం తిన్నావు అని అడుగు" అని ఇద్దరూ ఒకే మాట నాతో చెప్పించారు.

వాళ్ళు బంధువులని నేను రాయలేదు. ఆంటీ తయారు చేయిస్తున్న వంశవృక్షంలో ఊరి పేరు రాశాం, ఇంటిపేరు రాశాం, ఆ ఇల్లు కూడా ఉందని కింద గమనికలో పెట్టాం. ఒకే ఇంటిపేరు ఉన్న ఇళ్ళు చాలా ఉంటాయి. కాగితం చెప్పినంత దాకా కాగితం, మనుషులు చెప్పినంత దాకా మనుషులు అని విడివిడిగా రాసుకోవడం నాకు ముఖ్యం. రేపు వాళ్ళ మనవళ్ళు ఇది చదివినప్పుడు ఏది రుజువైందో, ఏది నమ్మకమో వాళ్ళకు తెలియాలి.

ఇంతా చేశాక, జాబితా మళ్ళీ చదువుతుంటే నాకు ఎక్కువ బాధ కలిగించింది ముత్తాత తర్వాతి నంబర్. అది ఆయన భార్యది. వయసు 18. ఆమె పేరు ఆ కుటుంబంలో ఎవరికీ గుర్తులేదు. ఆస్తి ఫైలులో కూడా భార్య ముందే చనిపోయింది అన్న ఒక్క మాటే ఉంది. ఎన్నేళ్ళుగానో అందరూ ఆయన ఊరే వెతికారు. ఆమెకూ నంబర్ ఉంది, తండ్రి పేరు ఉంది, ఊరు ఉంది. ఆమె తాలూకా చంద్రగిరి. చిత్తూరు, చంద్రగిరి పక్కపక్క తాలూకాలు కాబట్టి ఊళ్ళో జరిగిన పెళ్ళే అయి ఉండొచ్చు. మద్రాసు డిపోలో జతకట్టి ఓడెక్కినవాళ్ళూ ఉండేవాళ్ళు. ప్రతి వందమంది మగవాళ్ళకు ఇంతమంది ఆడవాళ్ళు ఉండాలని రూలు ఉండేది కాబట్టి ఏజెంట్లు జంటలను ఇష్టపడేవాళ్ళు. ఏది నిజమో ఈ కాగితం చెప్పదు. కానీ చెరుకు తోటలో ఆమె కూడా పనిచేసింది, పిల్లల్ని కన్నది, ఆ పెరటాసి శనివారాలు ఈ ఇంట్లో నిలబెట్టింది ఆమే అయి ఉండాలని నా నమ్మకం. వంశవృక్షంలో ఆయన పేరు పక్కన ఇంతకాలం ఖాళీగా ఉన్న చోట ఆంటీ ఆమె పేరు, నంబర్ తన చేత్తోనే రాసింది.

ఇప్పుడు ఆమె ఊరు వెతుకుతున్నాం. పేరు చివర కండ్రిగ అని స్పష్టంగా ఉంది. తిరుపతి, చంద్రగిరి చుట్టుపక్కల కండ్రిగలు ఎన్ని ఉంటాయో మా వైపువాళ్ళకు తెలుసు. ముందు భాగం రెండు రకాలుగా చదవొచ్చు. చేతిరాత పేజీ కోసం మళ్ళీ దరఖాస్తు పెట్టాం. ఈలోగా ఆంటీ చెల్లెలి కూతురు ఆ ఓడలో చంద్రగిరి తాలూకా అని రాసి ఉన్న ప్రతి మనిషినీ ఒక ఎక్సెల్ షీటులో ఎక్కిస్తోంది. పెరటాసికి ఆంటీని తీసుకుని తిరుపతి వెళ్ళాలని అనుకుంటున్నాం. అప్పటికి ఊరి పేరు తేలితే సరే, తేలకపోతే అనుమానం ఉన్న కండ్రిగలన్నిటికీ వెళ్ళి అడుగుతాం.